విలేకరి జీతానికీ చందా ఇద్దాం

ఏటా అమెరికాలోని మన తెలుగు అసోసియేషన్ విరాళాల లిస్టు చూస్తుంటాను. బడికి గదులు, గుడికి గోపురం, వాటర్ ప్లాంటు, కంటి ఆపరేషన్ల క్యాంపు. అన్నీ కావాల్సినవే. మా నాన్న పేరుతో మా ఊరి బడికి నేనూ ఒక గది కట్టించాను, గోడ మీద పాలరాతి పలక ఉంది. ఆ గదిలో పాఠం చెప్పే టీచర్ లేకపోతే ఆ సంగతి రాసేదెవరు? మండల విలేకరుల్లో చాలామందికి నెల జీతం ఉండదు. లైన్ అకౌంట్ మీద, అంటే అచ్చయిన వార్త పొడవును బట్టి ఇచ్చే డబ్బు మీద బతకాలి, యాడ్స్ కూడా వాళ్లే తేవాలి. పొద్దున యాడ్ అడిగిన నాయకుడి మీద సాయంత్రం వార్త రాయమంటే ఎలా రాస్తారు?

జహీరాబాద్ దగ్గర మాచ్నూర్‌లో ఏం జరిగిందో చూడండి. డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ అనే స్వచ్ఛంద సంస్థకు చెందిన దళిత మహిళా సంఘాలు తమకో రేడియో కావాలనుకున్నాయి. యునెస్కో సాయంతో 1998 ప్రాంతంలోనే పరికరాలు వచ్చాయి, లైసెన్సు రాలేదు. రేడియో ప్రసారాలు సాగే తరంగాలు ప్రజల ఆస్తి అని సుప్రీంకోర్టు 1995లోనే చెప్పినా, స్వచ్ఛంద సంస్థలకు కమ్యూనిటీ రేడియో (స్థానికులు తమ కోసం నడుపుకునే రేడియో) అనుమతులు ఇవ్వాలని ప్రభుత్వం నిర్ణయించింది 2006లో. అప్పటిదాకా ఆ ఆడవాళ్లు ఊరికే కూర్చోలేదు. రికార్డు చేసిన క్యాసెట్లను సంఘం మీటింగులకు పట్టుకెళ్లి, టేప్‌రికార్డర్ మధ్యలో పెట్టి వినిపించారు. విత్తనాలు దాచుకోవడం, జొన్నలు, కొర్రలు, పండగ పాటలు, అన్నీ వాళ్ల యాసలోనే. 2008 అక్టోబర్ 15న సంఘం రేడియో ప్రసారాలు మొదలయ్యాయి. పదేళ్లు పట్టింది! ఏడాది తిరక్కుండానే రిజల్ట్ అడిగే దాతలమైతే మనం మధ్యలోనే చెయ్యి వదిలేసేవాళ్లం.

అందుకే నేనడిగేది కెమెరాలు, కంప్యూటర్లు కాదు. కనీసం మూడేళ్లు నెలనెలా జీతాలకు డబ్బు. ఇచ్చాక రాతలో వేలు పెట్టకూడదు, వార్త మన సొంత బావమరిది కాంట్రాక్టు మీదే అయినా సరే.

ఒక చిక్కుంది. 2010 నాటి విదేశీ విరాళాల చట్టం ప్రకారం పత్రికలు, న్యూస్ సంస్థలు విదేశీ డబ్బు తీసుకోకూడదు. అమెరికా పౌరసత్వం తీసుకున్నవాళ్లు ఇచ్చేది, ఓసీఐ కార్డు (విదేశీ పౌరసత్వం ఉన్న భారత సంతతివాళ్లకు ఇండియా ఇచ్చే కార్డు) ఉన్నా, విదేశీ డబ్బే. ఇండియా పాస్‌పోర్టు ఉన్నవాళ్లు సొంత సంపాదనలోంచి బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ డబ్బు కాదు. కాబట్టి హెచ్1బీ, గ్రీన్‌కార్డు మీద ఉన్న మనమే ముందు కదలాలి.

జర్నలిస్టు పాలగుమ్మి సాయినాథ్ 2014లో మొదలుపెట్టిన 'పరి' (పీపుల్స్ ఆర్కైవ్ ఆఫ్ రూరల్ ఇండియా) వెబ్‌సైట్ పల్లెల కథనాలను తెలుగులోనూ ఇస్తోంది, చదవడానికి పైసా కట్టక్కర్లేదు. నాది ఇంకా ఇండియా పాస్‌పోర్టే. నా మొదటి చందా అక్కడికే పంపుతున్నాను. చందా ఇవ్వాల్సిన మిగతా సంస్థల పేర్లు ఈసారి బడ్జెట్ మీటింగులో కలిసి రాసుకుందాం.