కనీసం రెండు వ్యాఖ్యలు తప్పనిసరి

తరగతిలో పాఠాలకు తోడుగా పిల్లల చేత బ్లాగులు రాయించాలన్న ప్రతిపాదన వచ్చినప్పుడు, చదువుల బాగు కోరే నాలాంటివాళ్లు కలవరపడిన మాట నిజం. పిల్లవాడు తనకు తోచింది రాస్తాడట. దాన్ని ముక్కూ మొహం తెలియనివారు చదువుతారట. చదివి ఊరుకోక, "మీరన్నది నాకు సబబుగా తోచలేదు, ఎందుకంటే..." అంటూ జవాబు కూడా ఇస్తారట. ఇదే సాగితే పిల్లలకు రాయడం మీద ఇష్టం పుట్టే ప్రమాదం లేకపోలేదు.

అదృష్టవశాత్తు బడి చేతికి చిక్కాక బ్లాగు బుద్ధిమంతురాలైంది. ఆ ఘనత ఎలా సాధ్యమైందో భావితరాల కోసం నమోదు చేయడం నా విధి.

అంశం టీచరే ఇస్తారు: నీటి పొదుపు ఆవశ్యకత. నిడివి 200 పదాలు. గడువు శుక్రవారం సాయంత్రం. ఇక మార్కులు పది. శీర్షికకు రెండు, బొమ్మకు రెండు, లింకుకు ఒకటి, వ్యాఖ్యలకు రెండు, గడువు పాటించినందుకు రెండు. మిగిలిన ఒక్క మార్కు స్వతంత్ర ఆలోచనకు కేటాయించారు. అది ఎలా ఉండాలో నమూనా టపాలో, అంటే బ్లాగులో పెట్టే రచనలో, చూపించారు కనుక ఎవరికీ ఇబ్బంది లేదు.

వ్యాఖ్యల ఏర్పాటు మరీ ముచ్చటైనది. ప్రతి విద్యార్థీ కనీసం ఇద్దరి టపాల కింద అభిప్రాయం రాయాలి. ముప్పై మంది ఉన్న తరగతిలో వారానికి అరవై అభిప్రాయాలు పోగవుతాయి. "చాలా బాగా రాశావు" అన్నది వాటిలో మొదటిది, తక్కినవీ అవే. టపా తెరవకుండానే రాయగలగడం ఈ వాక్యంలోని సుగుణం. నా టపాను నువ్వు మెచ్చుకో, నీ టపాను నేను మెచ్చుకుంటాను అనే ఒప్పందాలు సోమవారానికే కుదిరిపోతాయి. పెద్దయ్యాక సాహిత్య సభల్లో పనికొచ్చే విద్య ఇంత చిన్న వయసులోనే అబ్బుతోందంటే సంతోషించాలి.

బ్లాగులో చివర వచ్చిన టపా అన్నిటికన్నా పైన కూర్చుంటుంది. గడువు ముగిసే క్షణంలో తోసినవాడిది తొలి స్థానం, సోమవారమే శ్రద్ధగా రాసిన అమ్మాయిది అట్టడుగు. టీచరు దిద్దుతూ అక్కడికి చేరేసరికి ఆవిడ ఓపిక కూడా అడుగంటుతుంది.

బయటివాళ్లు చూడకుండా తాళం వేశారు. పిల్లల భద్రత నిజంగానే తేలిగ్గా తీసుకోవలసిన విషయం కాదు. పదమూడేళ్లలోపు పిల్లల వివరాలను వెబ్‌సైట్లు తల్లిదండ్రుల అనుమతి లేకుండా సేకరించరాదని అమెరికా 1998లోనే చట్టం చేసింది. అయితే మనవాళ్లు ఒక అడుగు ముందుకేసి, పక్క తరగతి పిల్లలకు కూడా కనపడకుండా చేశారు. ఇప్పుడు పాఠకులు ఒక్కరే, టీచరు. చార్జింగ్ పెట్టవలసిన కాపీ పుస్తకాన్ని కనిపెట్టిన కీర్తి మనదే.

ఈ జాగ్రత్తలు లేని రోజుల్లో ఏం జరిగిందో తెలుసా? 1924లో సెలెస్తాన్ ఫ్రెనే అనే ఫ్రెంచి ఉపాధ్యాయుడు పల్లెటూరి బడిలోకి చిన్న అచ్చుయంత్రం తెచ్చాడు. పిల్లలు తమకు తోచింది రాసి, తామే అక్షరాలు పేర్చి అచ్చు వేసి, వేరే ఊరి బడిపిల్లలకు పంపేవారు. వాళ్లు చదివి జవాబులు రాసేవారు! తెలియని పిల్లలు చదువుతారన్న భయంతో వీళ్లు తప్పులు తామే దిద్దుకున్నారంటే, ఎర్ర సిరా గతి ఏం కావాలి? 1930లలో ఆయన అధికారులతో పడక ప్రభుత్వ బడి వదులుకున్నాడు. వ్యవస్థకు ఆత్మరక్షణ తెలుసు.

2012లో స్కాట్లాండ్‌లో తొమ్మిదేళ్ల పాప ఒకతె బడిలో పెట్టే భోజనం ఫొటోలు తీసి బ్లాగులో పెట్టింది. ఎన్ని ముద్దలయ్యాయో, ఆరోగ్యానికి ఎన్ని మార్కులో, వెంట్రుకలు ఎన్ని వచ్చాయో లెక్క రాసింది. పరిశీలన, కొలత, క్లుప్తత, అన్నీ ఉన్నాయి. లక్షల మంది చదివారు. స్థానిక మండలి ఫొటోలు తీయరాదని ఆజ్ఞాపించింది. జనం గగ్గోలు పెట్టేసరికి ఆ ఆజ్ఞను వెనక్కి తీసుకుంది.

ఒక పాలక మండలికి ఇంతటి తలవంపులు మళ్లీ రాకూడదు. కనుక తిండి, మరుగుదొడ్లు, పుస్తకాల సంచి బరువు, టీచర్ల సెలవులు అనే నాలుగింటినీ బ్లాగు అంశాల జాబితా నుంచి శాశ్వతంగా తొలగించాలని సవినయంగా కోరుతున్నాను. రుతువుల మీద రాయించుకోవచ్చు. తమ పరువు పోయిందని వర్షాకాలం ఇంతవరకు ఏ కార్యాలయానికీ ఫిర్యాదు చేయలేదు.