మహారాజశ్రీ ఇంటిమేట్ వైట్నింగ్ క్రీమ్ గారి సముఖమునకు

ఉభయకుశలోపరి. మీకేం, మీరు క్షేమంగానే ఉంటారు. నా ఫోన్లో రీల్‌కీ రీల్‌కీ మధ్య మీరే, అమీర్‌పేట మెడికల్ షాపు అద్దాల వెనక మీరే, మెట్రో పిల్లర్ల మీద మీ చుట్టాలైన స్కిన్ క్లినిక్కుల నవ్వు ముఖాలే.

ముఖం అయిపోయింది, మెడ అయిపోయింది, చంకలు కూడా అయిపోయాయి, ఇక మిగిలింది అదొక్కటేనని గజ్జల దగ్గరికి దిగారు చూడండి, ఆ వ్యాపార దక్షతకు దండం పెట్టాలి. పెళ్లిచూపుల్లో కూడా ఎవరూ అడగని రంగండీ అది! "పిల్ల చామనచాయ" అని మొహం మీదే అనేసే మా పెద్దత్తయ్య కూడా అంతదూరం వెళ్లలేదు.

2012లో మీ వంశంలోని ఓ ఇంటిమేట్ వాష్ టీవీ ప్రకటనలో కనిపించింది, గుర్తుందా? మొగుడు పేపర్లోంచి తలెత్తడు, పెళ్లాం దిగాలుగా కూర్చుంటుంది, ఆ వాష్ వాడేసరికి కాపురం నిలబడుతుంది. జనం తిట్టిపోశారు. 2020లో ఓ పేరుమోసిన ముఖం క్రీము తన పేరులోంచి "ఫెయిర్" తీసేసింది. మీరు మాత్రం వైట్నింగ్ పక్కన కాన్ఫిడెన్స్ అని చేర్చుకుని హాయిగా ఉన్నారు.

అక్కడి చర్మంలోని రంగు కణాలు హార్మోన్ల మాట వింటాయని మీ అట్ట మీద ఎందుకు రాయరో! ఈడొచ్చినప్పుడు, కడుపుతో ఉన్నప్పుడు రంగు ముదరడం మామూలే. ఎంత తెల్లటి అమ్మాయికైనా అక్కడ కాస్త ముదురుగానే ఉంటుంది, మగవాళ్లకీ అంతే (వాళ్ల కోసం మీ తమ్ముడెవరైనా పుట్టాడా? పుట్టే ఉంటాడు).

పైగా మా ఊరి మే నెల. ఆ చెమటలో బిగుతు లెగ్గింగ్స్ వేసుకుని స్కూటీ మీద గచ్చిబౌలి దాకా వెళ్లొస్తే, తొడల మధ్య కుట్టు ఎక్కడుందో సరిగ్గా అక్కడే ఎర్రటి గీత, మంట, కొన్నాళ్లకు అదే గోధుమరంగై, ఒరుసుకుంటూనే ఉంటే మందమై నల్లబడుతుంది. రేజరుతో ఎదురు గీసినా, వ్యాక్స్‌తో చర్మం కమిలినా, కురుపులు లేచినా అదే వరస, వాపు తగ్గినా మచ్చ నెలల తరబడి కూర్చుంటుంది.

దురదపెట్టి గుండ్రంగా అంచు లేస్తే అది తామర కావచ్చు, దానికి మీరు చేయగలిగింది సున్నా. షాపు కుర్రాడేమో "అక్కా, ఇది రాయండి" అని గొంతు తగ్గించి మూడు మందులు కలిపిన త్రీ ఇన్ వన్ ట్యూబు పేపర్లో చుట్టి ఇస్తాడు. అందులో స్టెరాయిడ్ ఉంటుంది. నాలుగు రోజులు దురద పోతుంది, రంగు కూడా తేలినట్టే ఉంటుంది, తర్వాత తామర ఇంకా పెద్దదై తిరిగొస్తుంది, చర్మం పల్చబడి చారలు పడతాయి. ఇలాంటి స్టెరాయిడ్ క్రీములు కొన్నిటిని డాక్టర్ చీటీ లేకుండా అమ్మకూడదని 2018లో కేంద్రం ఉత్తర్వు ఇచ్చింది, చీటీ అడిగిన కుర్రాడిని నేనైతే చూడలేదు. రంగు తగ్గించే మందు, మీ బంధువు హైడ్రోక్వినోన్ కూడా అంతే, డాక్టర్ చెప్పినన్నాళ్లే అయితే పని చేస్తాడు, సొంతంగా ఏళ్ల తరబడి పూస్తే నీలం కలిసిన నలుపు తెచ్చిపెడతాడు.

మెడ వెనక, చంకల్లో, గజ్జల్లో ఒకేసారి మందంగా, మఖమల్‌లా నల్లబడితే ఒంట్లో ఇన్సులిన్ సరిగా పనిచేయడం లేదేమోనని అనుమానించాలి, పీసీఓఎస్ (ఆడవాళ్లలో నెలసరి తప్పించే హార్మోన్ల తేడా) ఉన్నవాళ్లలోనూ ఇది కనిపిస్తుంది. అప్పుడు కావలసింది షుగర్ పరీక్ష. మీరేమో కబురు మోసుకొచ్చినవాడి మొహానికి సున్నం కొడతానంటారు!

మరేం చేయాలంటారా? మీకు నచ్చదు, ఖర్చు తక్కువ. సుల్తాన్ బజార్లో దొరికే వదులు కాటన్ లోదుస్తులు, జిమ్ నుంచి రాగానే తడి బట్టలు మార్చుకోవడం, ఎక్కువ నడిచే రోజు తొడల మధ్య కాస్త పెట్రోలియం జెల్లీ. బయటి భాగానికి నీళ్లు, మహా అయితే ఘాటులేని సబ్బు. యోని లోపల మాత్రం ఏదీ వద్దు, అక్కడ పీహెచ్ (పులుపుదనం కొలత) మామూలుగా 3.8 నుంచి 4.5 దాకా ఉంటుంది, దాన్ని ఒళ్లే చూసుకుంటుంది. వెంట్రుకలు గీకేయడం కంటే ట్రిమ్ చేయడం మేలు. నిమ్మచెక్క, వంటసోడా, బీరపీచు బ్యాచ్‌ని వంటింట్లోనే ఉండమనండి, రుద్దేకొద్దీ ఇంకా నల్లబడుతుంది. ఒరిపిడి వల్ల వచ్చిన నలుపు కొన్ని నెలల్లో కొంత తేలుతుంది, సొంత రంగు మాత్రం మీరెన్ని ట్యూబులు ఖాళీ చేయించినా అలాగే ఉంటుంది. తగ్గని దురద, పుండు, కొత్తగా పెరిగే మచ్చ లాంటివైతే ఉస్మానియాలోనో గాంధీలోనో చర్మవ్యాధుల ఓపీకి వెళ్లాలి. సిగ్గెందుకు, ఆ డాక్టర్లు ఇలాంటివి చూసీ చూసీ అలిసిపోయి ఉంటారు.

ఒక్క అనుమానం మిగిలింది. మీ డబ్బా మీద "ముందు, తర్వాత" అని రెండు ఫొటోలు వేశారు కదా, ఎంత తిప్పి చూసినా నాకవి మోచేతుల్లా ఉన్నాయి. ఎవరివో కాస్త తెలియజేయగలరు.

ఇట్లు,
మీ ట్యూబు కొనని దిల్‌సుఖ్‌నగర్ వాసి