ఆ ఆల్ప్స్ మెసేజ్ ఇక పంపకండి

ఈ వేసవిలో స్విట్జర్లాండ్ వెళ్తున్నవాళ్ళున్న ప్రతి గ్రూపులోనూ ఆ మెసేజ్ తిరుగుతోంది. "పిల్లలతో ఆల్ప్స్ హైకింగ్: అనవసర భయాలు వదలండి" అని పైన పెద్ద శీర్షిక, కింద వరసగా పాయింట్లు. రాసినవాళ్ళ పేరు లేదు. నాకు పంపినవాళ్ళంతా పిల్లలున్నవాళ్ళే. "చాలా ఉపయోగం" అని కింద ఒక మాట కూడా చేర్చి మరీ పంపుతున్నారు.

"జూన్ అంటే వేసవే కాబట్టి దారుల మీద మంచు ఉండదు." ఉంటుంది. రెండున్నర వేల మీటర్లు దాటాక, ఉత్తరం వైపు వాలుల్లో జూలైలో కూడా పాత మంచు దారికి అడ్డంగా ఉండిపోతుంది. పొద్దున పూట గట్టిపడి ఉంటుంది, కాలు జారితే ఆగదు. ముందురోజు హట్ (కొండల్లో నడిచేవాళ్ళు రాత్రి ఆగే బస) వాళ్ళకు ఫోన్ చేస్తే దారి ఎలా ఉందో చెబుతారు.

"కొండవాగు నీళ్ళు సీసా నీళ్ళకన్నా శుభ్రం." పైన ఆవులు మేస్తుంటాయి. పిల్లలకు పట్టించకండి.

"నీలం గుర్తున్న దారి పిల్లలకు సులువు." స్కీయింగ్‌లో నీలం అంటే సులువైన వాలు. దాన్ని తెచ్చి నడక దారికి అతికించారు. స్విట్జర్లాండ్‌లో మామూలు నడక దారులకు పసుపు గుర్తులుంటాయి. తెలుపు-ఎరుపు-తెలుపు కనబడితే అది కొండదారి: నిటారుగా, సన్నగా ఉండి, కొన్నిచోట్ల పక్కనే లోయ ఉంటుంది. తెలుపు-నీలం-తెలుపు అయితే అన్నిటికన్నా కష్టమైన ఆల్పైన్ దారి. అందులో హిమానీనదాలు దాటాల్సి రావచ్చు, చేతులతో పట్టుకుని రాళ్ళెక్కాల్సి రావచ్చు. ఈ మెసేజ్ నమ్మిన తల్లిదండ్రులు ఆరేళ్ళ పిల్లను సరిగ్గా అక్కడికే తీసుకెళ్తారు. ఆస్ట్రియాలో కొన్ని ప్రాంతాల్లో నీలం చుక్క సులువైన దారికే పెడతారు, అదీ నిజమే. కాబట్టి ఏ దేశంలో నడుస్తున్నారో ఆ దేశం గుర్తులు చూసుకుని కదలండి.

ఇక నాకు నిజంగా కోపం తెప్పించిన పాయింట్. "పిల్లల శరీరం చిన్నది, వాళ్ళకు ఆక్సిజన్ తక్కువ చాలు. ఆల్టిట్యూడ్ సిక్‌నెస్ (ఎత్తుకు వెళ్తే ఆక్సిజన్ తగ్గి వచ్చే జబ్బు) పెద్దవాళ్ళకే వస్తుంది. ఇంటర్‌లాకెన్‌లో రైలెక్కి యుంగ్‌ఫ్రావ్‌యోఖ్ వెళ్ళండి, అక్కణ్ణుంచి మంచు మీద నడిచి మోన్ష్‌యోఖ్ హట్‌లో రాత్రి పడుకోండి. పిల్లలు ఏడిస్తే మారాం అనుకోండి, వాంతి చేసుకుంటే మాత్ర వేసి నడిపించండి."

ఇంటర్‌లాకెన్ ఎత్తు సుమారు 570 మీటర్లు. యుంగ్‌ఫ్రావ్‌యోఖ్ స్టేషన్ 3454. ఆ హట్ 3650 దాకా ఉంటుంది. 3000 మీటర్లు దాటాక పడుకునే ఎత్తును రోజుకు 500 మీటర్లకు మించి పెంచవద్దని పర్వత వైద్యులు చెబుతారు. ఈ మహానుభావుడెవరో ఒక్క పగటిలో మూడు వేలు పెంచమంటున్నాడు! ఆ స్టేషన్ దగ్గర గాలి పీడనం సముద్రమట్టం దగ్గరున్నదాంట్లో మూడింట రెండు వంతులే. ఒక్కో శ్వాసలో అందే ఆక్సిజనూ ఆ మేరకు తగ్గుతుంది. పిల్లలకు తక్కువ చాలన్నది ఉత్త అబద్ధం. శరీర బరువు లెక్కన చూస్తే పెద్దవాళ్ళకన్నా వాళ్ళకే ఎక్కువ కావాలి. ఆల్టిట్యూడ్ సిక్‌నెస్ కూడా పిల్లలకు సుమారుగా పెద్దవాళ్ళకు వచ్చినంతే వస్తుంది.

కాకపోతే నలభై ఏళ్ళ మనిషి తల పగిలిపోతోందని చెప్పగలడు, రెండేళ్ళ పిల్ల చెప్పలేదు. అందుకే మాటలు రాని పిల్లల్లో డాక్టర్లు వేరే గుర్తులు చూస్తారు: ఊరికే చిరాకు, తిండి ముట్టకపోవడం, ఆట మీద ధ్యాస లేకపోవడం, నిద్ర పట్టకపోవడం. ఈ మెసేజ్ మారాం అని కొట్టిపారేసింది సరిగ్గా వీటినే. పైగా ఈ లక్షణాలు ఎక్కువగా పైకి చేరిన ఆరు నుంచి పన్నెండు గంటల్లో మొదలవుతాయి. అంటే రైళ్ళు ఆగిపోయాక, చీకట్లో. ముదిరితే మెదడు వాస్తుంది, ఊపిరితిత్తుల్లో నీరు చేరుతుంది. దీనికి అసలు చికిత్స కిందికి దిగడం. వాంతి మాత్ర వేసి ఇంకా పైకి నడిపించమన్నవాడు ఆ రాత్రి ఆ పిల్ల పక్కన ఉంటాడా?

రైల్లో వెళ్ళి, రెండు మూడు గంటలు చూసి దిగిపోవడం వేరు. ఆరోగ్యంగా ఉన్న పిల్లల్లో చాలామందికి దానివల్ల పెద్ద ఇబ్బంది రాదు. వచ్చినట్టు అనిపిస్తే తర్వాతి రైలెక్కండి. హట్‌లో పడుకున్న అనుభవమే కావాలంటే రెండు వేల మీటర్ల లోపు ఎన్నో ఉన్నాయి.

"ఆల్ప్స్ ఆవులు సాధువులు, దూడలతో పిల్లలకు ఫోటోలు తీయండి." 2014లో ఆస్ట్రియాలోని టిరోల్‌లో, కుక్కతో నడుస్తున్న ఒక పర్యాటకురాలిని ఆవులు తొక్కి చంపేశాయి. ఆ కేసు ఆ దేశపు సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. దూడ ఉన్న ఆవుకు దూరంగా చుట్టూ తిరిగి వెళ్ళండి.

"1414కి ఫోన్ చేస్తే హెలికాప్టర్ ఉచితం." నంబరు సరైనదే, అది స్విట్జర్లాండ్‌లో రెగా అనే హెలికాప్టర్ రక్షణ సంస్థది. ఉచితం మాత్రం కాదు. బీమా లేకపోతే బిల్లు మీకే వస్తుంది. దట్టంగా పొగమంచు కమ్మితే హెలికాప్టర్ రాలేకపోవచ్చు కూడా.

చివరి పాయింట్ మాత్రం నేను ఊహించనంత బాగుంది. "దారి పలక మీద రాసిన నడక సమయాన్ని పిల్లలతో అయితే రెట్టింపు చేసుకోండి. తెల్లవారగానే బయల్దేరి మధ్యాహ్నానికి హట్‌కు చేరండి. శిఖరం కాదు, ఒక చెరువును గమ్యంగా పెట్టుకోండి." ఇందులో ప్రతి మాటా నిజం. పసుపు పలకల మీది సమయంలో ఆగిన సమయం కలపరు. జూలై, ఆగస్టుల్లో ఉరుములు మెరుపులు ఎక్కువగా మధ్యాహ్నం దాటాకే వస్తాయి, అప్పుడు పిల్లలతో కొండగట్టు మీద ఉండకూడదు. చెరువు కనబడుతుంటే అలిసిన పిల్లలు కూడా నడుస్తారు. పంపాలనుకుంటే ఈ మూడు వాక్యాలు కాపీ చేసి పంపండి, మిగతాది డిలీట్ చేయండి.