ఐడిల్ గేమ్‌ని ఐడిల్‌గా ఉండనివ్వరా?

మియాపూర్ నుంచి ఎల్బీ నగర్ దాకా మెట్రోలో నిలబడి వెళ్లేవాళ్లకి ఐడిల్ గేమ్ (మనం ఆడకపోయినా దానంతటదే నడిచే ఫోన్ ఆట) కంటే హాయి ఏముంది? నేనిప్పుడు ఆడుతున్న దాంట్లో అంగారకుడి మీద గని, దాన్ని తవ్వే రోబోలు. మనం పడుకున్నా అవి పనిచేస్తూ ఉండాలి, ఆ తరహా ఆటల సొగసే అది. ఇందులో మాత్రం 2 గంటలకే గోదాం నిండిపోయి గని ఆగిపోతుంది! పొద్దున లేచి చూస్తే రోబోలన్నీ చేతులు కట్టుకుని నిలబడి ఉంటాయి. వచ్చిన ఆ కాస్త ఖనిజం రెట్టింపు కావాలంటే 30 సెకన్ల యాడ్ చూడాలి. దాన్ని మూసే ఇంటూ గుర్తు ఆవగింజంత, ఎక్కడో మూలన ఉంటుంది. వేలు కాస్త పక్కకి పడిందా, ప్లే స్టోర్ తెరుచుకుంటుంది. అమీర్‌పేటలో జనం తోసుకుంటూ ఎక్కుతుంటే అది గురి చూసి నొక్కడం ఎవరి తరం?

ఆటలో ధరలు పెరగడం మీద నాకు గొడవ లేదు. 2013లో వచ్చిన కుకీ క్లికర్ అనే ఇలాంటి ఆటలోనూ ఒక్కో భవనం కొన్నకొద్దీ తర్వాతిది 15 శాతం ప్రియమవుతుంది. కానీ ఓపిక పట్టినవాడికి అక్కడ దారుంది. ఇక్కడ గనిని చూసుకునే మేనేజర్‌ని పెట్టుకోవాలన్నా రత్నాలు, రత్నాలకి రూపాయలు. బొమ్మలు వేసినవాళ్ల పనితనం చూస్తే ముచ్చటేస్తుంది, ఆ ఎర్రమట్టి, ఆ దుమ్ము... అంత కష్టపడి చేసిన ఆటని యాడ్ల పాలు చేయడానికి మనసెలా వచ్చిందండీ? కావాలంటే ఒక్కసారే డబ్బు అడగండి, ఇస్తాం. యాడ్లు మాత్రం తీసేయండి.