కాజీపేట ప్లాట్‌ఫామ్ మీది పిల్లాడు ఎవరి బాకీ?

రంజాన్ వచ్చిందంటే, ఊరు వదిలి బతుకుతున్న మన వరంగల్ ముస్లింల వాట్సాప్ గ్రూపుల్లో జకాత్ లెక్కలు, అంటే ఆస్తిలోంచి పేదలకు విధిగా ఇవ్వాల్సిన వాటా లెక్కలు మొదలవుతాయి. బంగారం ఎంత, బ్యాంకులో ఎంత, అందులో రెండున్నర శాతం ఎంత. ఆ డబ్బులో కొంత వరంగల్ చేరుతుంది. మండిబజార్‌లో చుట్టాలు రేషన్ కిట్లు కట్టించి పంచుతారు, ఫొటోలు పెడతారు. మంచిదే. కానీ కిట్టు తీసుకోవాలంటే ఒక ఇల్లూ పొయ్యీ ఉండాలి కదా.

వరంగల్ పక్కనే ఉన్న కాజీపేట జంక్షన్‌లో తిరిగే పిల్లలకు ఆ రెండూ లేవు. ఢిల్లీ, హైదరాబాద్, విజయవాడ లైన్లు కలిసే చోటు కావడంతో ఇంట్లో దెబ్బలు తట్టుకోలేక పారిపోయినవాళ్లు, తల్లి పోయాక ఎవరికీ పట్టనివాళ్లు అక్కడ దిగుతుంటారు. రైలు ఆగగానే భుజాన గోనెసంచితో ఎక్కి, సీట్ల కింది ఖాళీ నీళ్ల సీసాలు ఏరుకుని, బండి కదిలేలోపు దూకేస్తారు. కొందరి చేతిలో గుడ్డముక్క ఉంటుంది. దాంట్లో మత్తిచ్చే సొల్యూషన్ పోసి పీలిస్తే ఆకలి తెలియదట. మనం పది రూపాయలు చేతిలో పెట్టి ఆటో ఎక్కేస్తాం.

షరియత్, అంటే ఇస్లాం ధర్మం మాత్రం ఈ పిల్లాణ్ణి జాలి ఖాతాలో రాయలేదు. దిక్కులేకుండా దొరికిన పసిబిడ్డను ఫిఖహ్‌లో, అంటే మన ధర్మశాస్త్రంలో లకీత్ అంటారు. వదిలేస్తే ప్రాణానికి ముప్పు అనిపిస్తే ఆ బిడ్డను తీసుకోవడం ఫర్జ్, అంటే తప్పనిసరి విధి. ఒక్కరు పూనుకుంటే అందరి బాధ్యతా తీరుతుంది, ఎవరూ పట్టించుకోకపోతే తెలిసినవాళ్లందరూ గునెగార్లే, పాపం చేసినవాళ్లే. చనిపోయినవాళ్ల కోసం చేసే జనాజా నమాజుకీ ఇదే రూలు. మయ్యత్ (శవం) వచ్చిందంటే మస్జిద్ నిండిపోతుంది. బతికున్న పిల్లాడి విషయంలో ఆ రూలు ఎవరికీ గుర్తురాదు.

పన్నెండేళ్లవాడు లకీత్ ఎట్లా అవుతాడని మౌల్వీ సాబ్ అడగొచ్చు. సరే, యతీం (అనాథ) అనుకుందాం. అప్పుడు ఖురాన్ ఇంకా గట్టిగా మాట్లాడుతుంది. 107వ సూరాలో, తీర్పు దినాన్ని కాదనేవాడెవడో తెలుసా అని అడిగి, అనాథను గెంటేసేవాడే అంటుంది.

రెండో ఖలీఫా ఉమర్ దగ్గరికి ఒకాయన దొరికిన పసివాణ్ణి తీసుకొచ్చాడు. ఎందుకు ఎత్తుకున్నావని ఉమర్ ముందు అనుమానంగానే అడిగారు. ఆ మనిషి మంచివాడని తెలిసినవాళ్లు చెప్పాక తీర్పిచ్చారు: బిడ్డ స్వతంత్రుడు, నువ్వు పెంచు, ఖర్చు మాది. ఇవాళ దిక్కులేని పిల్లల సంగతి చూసే చైల్డ్ వెల్ఫేర్ కమిటీ చేయాల్సిన పని కూడా దాదాపు ఇదే. పిల్లాడు దొరికిన 24 గంటల్లో కమిటీ ముందుకు తేవాలని మన చట్టం.

ఇక ‘మా ముస్లింలలో దత్తత లేదు’ అనే మాట. ఇది విని విని విసుగొచ్చింది. ఖురాన్ 33వ సూరా చెప్పేది పిల్లల్ని వాళ్ల కన్నతండ్రుల పేరుతోనే పిలవమని. పెంచొద్దని ఎక్కడుంది? ఆ పెంపకమే కఫాలత్. ఐక్యరాజ్యసమితి 1989 బాలల హక్కుల ఒడంబడికలోని 20వ అధికరణం దాన్ని పేరు పెట్టి మరీ గుర్తించింది. పెంచినబిడ్డకు వారసత్వం రాదు గానీ ఆస్తిలో మూడో వంతు దాకా వసీయత్ (వీలునామా) రాయొచ్చు. చట్టబద్ధంగా దత్తతే కావాలంటే, ఏ మతం వాళ్లయినా జువెనైల్ జస్టిస్ చట్టం కింద తీసుకోవచ్చని 2014లో సుప్రీంకోర్టు చెప్పింది. ఇష్టం లేనివాళ్లకు బలవంతమూ లేదంది.

జనవరిలో ఆపరేషన్ స్మైల్, జులైలో ముస్కాన్ అంటూ పోలీసులు పిల్లల్ని వెతికి పట్టుకుంటారు. ఇంట్లో ఏమీ మారకపోతే తిరిగి ఇంటికి పంపిన పిల్లాడు మళ్లీ రైలెక్కుతాడు. అందుకే ఊళ్లో మనవాళ్లకు పది రూపాయలు ఇచ్చే బదులు పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేయడం అలవాటు చేయిద్దాం. అవతలివాళ్లు పిల్లాడి మతం అడగరు, మనమూ అడగొద్దు.

మన సంఘం మాత్రం కొత్త హాస్టల్ కట్టిస్తామని బయల్దేరొద్దు. మనం పాటించే హనఫీ ధర్మశాస్త్ర పద్ధతిలో జకాత్ సొమ్ము పేదవాడికి సొంతమవ్వాలి, గోడలకు పెట్టకూడదు. ఈ ఏడు రేషన్ కిట్లలో సగం తగ్గించి, ఇప్పటికే నడుస్తున్న హోమ్‌లలోని పేదపిల్లల తిండికీ బట్టలకూ ఫీజులకూ పదో తరగతి దాకా నెలనెలా పంపితే చాలు. శిలాఫలకం మీద ఎవరి పేరు ముందుండాలన్న గొడవ కూడా తప్పుతుంది.