సవరణ: చిలుకకు ఏ కొమ్మ పడితే ఆ కొమ్మ ఇవ్వకండి

పెంపుడు చిలుకలకు పెరట్లో దొరికేవాటితోనే బొమ్మలు చేయొచ్చని రాసిన పోస్టులో, "ఏ కొమ్మైనా కడిగి ఎండబెడితే చాలు" అన్నాను. అది తప్పు. గన్నేరు, పచ్చగన్నేరు ఎండినా విషం పోదు, గుండె మీద పనిచేస్తుంది. పక్షులకు వైద్యం చేసే డాక్టరుగారు చెప్పాక విషమొక్కల జాబితాలు కూడా చూసి నిర్ధారించుకున్నాను. మందు కొట్టని జామ, వేప కొమ్మలు, వెదురు ముక్కలు వాడుకోవచ్చు.

ఆ పోస్టులో పెట్టిన ఫొటోలోని గురివింద గింజల దండ ఇంకా ప్రమాదం. గింజ పైపొట్టు పగలనంతవరకు విషం లోపలే ఉంటుంది. కానీ చిలుక ముక్కు ఉన్నదే పగలగొట్టడానికి కదా! ఆముదం గింజలూ వద్దు. అలాంటి దండ ఇప్పటికే కట్టి ఉంటే వెంటనే తీసేయండి. పిట్ట కొరికిందనిపిస్తే లక్షణాల కోసం ఆగకుండా డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి.

కొబ్బరి చిప్పతో బొమ్మ చేయొచ్చని ఆ పోస్టులో అన్న మాట అలాగే ఉంచుతున్నాను, కొబ్బరంతా గీకేసి, బాగా ఎండితేనే. వానాకాలంలో బూజు త్వరగా పడుతుంది. పీచును మాత్రం పొడవుగా వేలాడదీయకండి, కాలివేళ్లకు చుట్టుకుంటుంది. పొట్టిగా కత్తిరించినా, మింగే అలవాటున్న పిట్టకు అసలు వద్దు.

ఇంకో మాట. కొందరు దీన్ని రామచిలుకల పెంపకం గురించి అనుకున్నారు. నేను రాసింది కాకటీల్, బడ్జీ అనే విదేశీ జాతి చిన్న చిలుకల గురించి. మన రామచిలుకను పంజరంలో పెట్టడం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నేరం.