గుమ్మం దగ్గర వలంటీరు ఏమని చెప్పాలి?

నెల ఒకటో తారీఖున ఇంకా పూర్తిగా తెల్లారకముందే మా పెద్దమ్మ ఇంటి తలుపు చప్పుడయ్యేది. వలంటీరు కుర్రాడు అరుగు మీదే కూర్చుని, ఆమె వేలు తడిగుడ్డతో తుడిచి, మెషీన్ మీద ఒకటికి రెండుసార్లు అద్దించి, పింఛను నోట్లు లెక్కపెట్టి చేతిలో పెట్టేవాడు. "నీ కడుపు చల్లగుండ నాయనా" అనేదామె. "నాదేముంది మామ్మా, పైనున్నాయన ఇస్తున్నాడు" అనేవాడు. పైనున్నాయన అంటే దేవుడు కాదు.

ఆ కుర్రాడి మీద నాకే కోపమూ లేదు. కరోనా రోజుల్లో అందరూ తలుపులేసుకుంటే ఎవరికి జ్వరమొచ్చిందో రాసుకుంటూ వీధి వీధీ తిరిగినవాడు. నెలకు 5 వేల గౌరవ వేతనానికి 50 ఇళ్ల బాగోగులు చూశాడు. కానీ ఆ గుమ్మం దగ్గర చెప్పాల్సిన మాట వేరే ఉంది: "ఇది నీకు రావాల్సిందే మామ్మా, ఒక నెల రాకపోతే ఫలానా చోటికెళ్లి అడుగు." ఆ మాట అతనికి ఎవరూ నేర్పలేదు. శిక్షణలో ఏం చెప్పారని ఒకసారి అడిగాను. యాప్, వేలిముద్ర మెషీన్, పథకాలకు ఎవరు అర్హులు... అక్కడితో ఆగిపోయాడు.

ఆంధ్రప్రదేశ్‌లో గ్రామ వలంటీర్ల వ్యవస్థ 2019 ఆగస్టు 15న మొదలైంది. వార్డులతో కలిపి రెండున్నర లక్షల మందికి పైగా యువతీ యువకులు అందులో పనిచేశారు. ఊళ్లో ప్రతి ఇంటి కష్టసుఖాలూ తెలిసిన అంతమందికి రాజ్యాంగం గురించి నాలుగు మాటలు చెప్పే అవకాశం ఏ ప్రభుత్వానికీ అంత తేలిగ్గా దొరకదు. దాన్ని చేజార్చుకున్నాం. పింఛను పేరే చూడండి. 2019కి ముందు ఎన్టీఆర్ భరోసా, తర్వాత వైఎస్సార్ పెన్షన్ కానుక, 2024 నుంచి మళ్లీ ఎన్టీఆర్ భరోసా. తీసుకునే ముసలమ్మ మాత్రం ఆమే. కానుక ఇచ్చినవాడికి దండం పెట్టడం మన మర్యాద, అందులో తప్పులేదు. ప్రజల డబ్బుకు కానుక అని పేరు పెట్టడం దగ్గరే వచ్చింది చిక్కంతా. పథకం పేరే అలా ఉన్నప్పుడు ఆ కుర్రాడు మాత్రం ఇంకేమంటాడు?

2024 మార్చి 30న ఎన్నికల సంఘం పింఛన్ల పంపిణీ నుంచి వలంటీర్లను తప్పించింది. వేల సంఖ్యలో రాజీనామాలు చేశారు, కొందరు నేరుగా ప్రచారంలోకి దిగారు. ఏప్రిల్ ఎండల్లో ముసలివాళ్లు పింఛను కోసం గ్రామ, వార్డు సచివాలయాల ముందు పడిగాపులు పడ్డారు. ఆ తర్వాత ప్రభుత్వం మారింది, వలంటీర్ల పని ఆగిపోయింది. ఒక పార్టీకి సైన్యంలా, ఇంకో పార్టీకి గూఢచారుల్లా కనిపించిన ఆ పిల్లలకు తాము ఎవరి తరఫున గడప ఎక్కుతున్నామో ఏ దశలోనూ తేల్చి చెప్పినవాళ్లు లేరు.

ఇది ఆ ఒక్క వ్యవస్థకే పట్టిన జబ్బు కాదు. గాంధీ శతజయంతి ఏడాది, 1969లో, 37 విశ్వవిద్యాలయాల్లో 40 వేల మంది విద్యార్థులతో మొదలైన ఎన్ఎస్ఎస్ (జాతీయ సేవా పథకం) కథా ఇలాంటిదే. రెండేళ్లలో 240 గంటల సేవ, ఏదో ఒక దత్తత గ్రామంలో ఏడు రోజుల ప్రత్యేక శిబిరం. డిగ్రీలో నేనూ ఒక శిబిరానికి వెళ్లాను. పొద్దున చీపుళ్లు, మధ్యాహ్నం పులిహోర, సాయంత్రం ఉపన్యాసం. పంచాయతీ ఆఫీసు గోడలకు సున్నం కొట్టాం. ఆ గోడ మీదే గ్రామసభ నోటీసు అంటించి ఉంటే దాన్ని జాగ్రత్తగా గీకేసి మరీ కొట్టాం. చదివినవాడు లేడు.

మూడో రోజు ఎస్సీ కాలనీలో మొక్కలు నాటుతుంటే ఒకావిడ, "మొక్కలకు నీళ్లెవరు పోస్తారయ్యా, మాకే రెండ్రోజులకోసారి వస్తాయి" అంది. ఊరి నడిబొడ్డున కుళాయిలు రోజూ వస్తున్నాయి. మాలో ఒకమ్మాయి అదేంటని సర్పంచ్‌ని అడగబోతే ప్రోగ్రాం ఆఫీసర్ గారు చెయ్యి అడ్డం పెట్టారు. "మనం సేవ చేయడానికొచ్చామమ్మా, రాజకీయం చేయడానికి కాదు." మంచి మనిషే ఆయన. వచ్చే ఏడాది శిబిరానికి మళ్లీ అదే ఊరు కావాలి మరి.

రాజకీయం అనగానే మనకు పార్టీ గుర్తొస్తుంది. నీళ్లు ఎందుకు రావడం లేదని అడగడం, ఫలానా గుర్తుకు ఓటెయ్యమని చెప్పడం ఒకటే అనుకుంటాం. మిగతా దేశాల వాళ్లకూ ఈ భయం ఉంది, దాన్ని వాళ్లు నియమాలతో ఎదుర్కొన్నారు. అమెరికాలో అమెరికోర్ అనే ప్రభుత్వ సేవా కార్యక్రమం సభ్యులు సేవా సమయంలో పార్టీల తరఫున ప్రచారం చేయకూడదు. సొంత సమయంలో సొంత హోదాలో పౌరులుగా ఏం చేసుకున్నా వాళ్ల ఇష్టం. జర్మనీ 2011లో నిర్బంధ సైనిక సేవను ఆపి, స్వచ్ఛంద సేవా పథకం పెట్టింది. అందులో ఏడాదిపాటు పనిచేసే 27 ఏళ్లలోపు వాళ్లు 25 రోజులు సెమినార్లకు వెళ్లాలి, వాటిలో ఐదు రోజులు రాజకీయ విద్యకే. వృద్ధాశ్రమంలో దుప్పట్లు మార్చే పిల్లవాడు ఆ ఐదు రోజులూ పార్లమెంటు గురించీ, చట్టాల గురించీ వాదించుకుంటాడు.

మరి నేర్పేవాడే తన పార్టీని ఎక్కిస్తే? ఆ భయానికీ జర్మన్ల దగ్గర 1976 నుంచీ ఒక ఒప్పందం ఉంది. బాయ్‌టెల్స్‌బాఖ్ అనే ఊళ్లో విద్యావేత్తలు కూర్చుని మాట్లాడుకున్నది. అభిప్రాయాన్ని విద్యార్థి నెత్తిన రుద్దకూడదు. సమాజంలో వాదం నడుస్తున్న విషయాన్ని తరగతిలోనూ వాదంగానే చూపాలి. విద్యార్థి తన ప్రయోజనమేదో తనే తేల్చుకునేలా తయారు కావాలి. నాజీల కాలం చూసిన దేశం కాబట్టి దీని విలువ వాళ్లకు బాగా తెలుసు. మన శిబిరాల్లో సాయంత్రం ఉపన్యాసకుడు ఓటు హక్కు గురించి గంటసేపు మాట్లాడి వెళ్లిపోతాడు. జనవరి 25న ఓటర్ల దినోత్సవం నాడు ప్రలోభాలకు లొంగనని చెయ్యి చాపి ప్రతిజ్ఞ చేయిస్తారు. ఓటుకు నోటిచ్చేవాడు తన బాబాయే అయితే ఏం చేయాలో మాత్రం ఎవరూ చర్చకు పెట్టరు.

అయినా ఇదంతా జర్మనీ నుంచే తెచ్చుకోవాలా? ఉపాధి హామీ సామాజిక తనిఖీ మన దగ్గర పుట్టి పెరిగిందే. 2006 నుంచి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో కూలీల కుటుంబాల్లోని చదువుకున్న పిల్లల్ని ఎంచుకుని, చట్టం ఏమంటుందో, మస్టర్, అంటే కూలీల హాజరు పట్టిక, ఎలా చదవాలో నేర్పి ఊళ్లకు పంపారు. ఇంటింటికీ వెళ్లి ఎన్ని రోజులు పని చేశారు, ఎంత ముట్టింది అని అడిగి, కాగితంతో సరిచూసి, గ్రామసభలో పైకి చదవడమే వాళ్ల పని. "ఫలానా వారం ఆరు రోజులు" అని చదవగానే వెనక నుంచి ఒకామె లేచి, "ఆ వారం నేను పుట్టింటికి పోయిన, పనెక్కడిది?" అంటుంది. ఆ హాజరు వేసిన ఫీల్డ్ అసిస్టెంట్ తల దించుకుంటాడు. చదువుతున్న అమ్మాయి గొంతు కాస్త వణుకుతుంది, అయినా తర్వాతి పేరు చదువుతుంది. ప్రజాస్వామ్య విలువలు అనే మాట అక్కడ ఎవరూ పలకరు. ఈ తనిఖీకీ జబ్బులున్నాయి. తేలిన సొమ్ము వసూలు కావడం కష్టం, బెదిరింపులూ ఉంటాయి. కానీ ఇరవై ఏళ్ల పిల్ల తన ఊరివాళ్ల ముందు నిలబడి లెక్క చదవడం నేర్చుకుంది.

ఎన్ఎస్ఎస్ శిబిరంలో ఏడు రోజుల్లో రెండు రోజులు ఇలా గడపొచ్చు. తెలంగాణ 2018 పంచాయతీరాజ్ చట్టం ప్రకారం గ్రామసభ రెండు నెలలకోసారి జరగాలి. జరిగిందా, ఎందరొచ్చారు, ఆడవాళ్లెవరైనా మాట్లాడారా అని మినిట్స్ పుస్తకం అడిగి చూడొచ్చు. ఆంధ్రాలో సమాచార హక్కు దరఖాస్తుకు ఊరి స్థాయిలో ఫీజు కూడా లేదు, తెల్లకాగితం చాలు. 30 రోజుల్లో జవాబు రావాలి. శిబిరం అయిపోయాక వచ్చే ఆ జవాబు తెచ్చుకోవడానికి పిల్లలు ఇంకోసారి ఆ ఊరికి వెళ్లాల్సి ఉంటుంది, ఈసారి చీపుళ్లు లేకుండా. ఆ కాలనీ కుళాయి సంగతీ అప్పుడే అడగొచ్చు.